బొటనవేలికీ కాపలా కావాలి

“నేను యాడా ఏలు పెట్టలేదబ్బీ. నా లెక్క యాడికి పాయ?”

ఎర్రగుంట్ల దగ్గరి ఒక పల్లెలో ఒక ముసలామె నన్నడిగిన ప్రశ్న ఇది. వయసున్నన్నాళ్లూ నాపరాయి గనుల్లో బండలు మోసిన మనిషి. పింఛనులో కొంత, కూలిలో కొంత మిగిల్చి మనుమరాలి పెండ్లికని ఖాతాలో దాచుకున్నది. పాస్‌పుస్తకం అచ్చు వేయించుకుందామని పోతే మూడు దఫాలుగా డబ్బు తీసినట్టు వచ్చింది. మూడు దఫాలూ వేలిముద్ర మీదనే. బ్యాంకు గుమాస్తా పుస్తకం ఆమె చేతిలో పెట్టి, “నీ ఏలే కదమ్మా పడింది, నువ్వే తీసుకొని మర్చిపోయింటావు” అన్నాడు. డబ్బు పోయినందుకు ఎంత ఏడ్చిందో, ఆ మాటకు అంతకు రెండింతలు ఏడ్చింది.

ఇందులో మరో సంగతి వుంది. అదే వేలును రేషన్‌ అంగట్లో యంత్రం గుర్తుపట్టదు. బండలు ఎత్తి దించి, రాతిపొడిలో నాని, ఆ వేలి గీతలు ఏనాడో అరిగిపోయినాయి. తుడిచి పెట్టు, గట్టిగా నొక్కు, ఈ వేలు కాదు ఆ వేలు అంటూ ప్రతి నెలా అరగంట నిలబెడతారు. తన బియ్యం తాను తెచ్చుకోవడానికి పనికిరాని వేలు, ఆమె డబ్బు ఎవడో తీసుకుపోవడానికి మాత్రం పనికి వచ్చింది!

వేలు ఎవరిది, దాని పెత్తనం ఎవరిది? ఈ ప్రశ్న ఆ ముసలామె ఒక్కతెదే కాదు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల నాపరాయి కార్మికులదీ, మంగంపేట ముగ్గురాయి గనుల వారిదీ, ఆదోని, కోసిగి నుండి మిరపకాయ కోతలకు గుంటూరు పోయే వలస కూలీలదీ, రాజంపేట, రాయచోటి నుండి కువైట్‌కు పోయే ఆడబిడ్డలదీ ఇదే ప్రశ్న. మనిషి ఆనవాళ్లను దొంగిలించి, ఆ మనిషి పేరు మీద డబ్బు తీయడం, అప్పు చేయడం, సిమ్‌ కొనడం ఈనాడు ఒక వృత్తిగా సాగుతున్నది. ఇదేదో పట్నంలో ఉద్యోగస్తులకు వచ్చే తంటా, మనకేం వుంది పోగొట్టుకోవడానికి అని కూలీ జనం అనుకుంటే పొరపాటు. పోగొట్టుకోవడానికి కొంచెమే వున్నవాడికి ఆ కొంచెమే సర్వస్వం.

వేలిముద్ర కథ కొత్తది కాదు

వేలిముద్రకూ పేదవాడికీ మధ్య సంబంధం తెల్లదొరల కాలం నాటిది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్‌ అనే దొర, రోడ్డు కంకర సరఫరాకు ఒప్పుకున్న కోనాయ్‌ అనే కాంట్రాక్టరు చేత కాగితం మీద అరచేయి ముద్ర వేయించాడు. ఎందుకు? రేపు ఇది నా సంతకం కాదని అనకుండా భయపెట్టడానికి. 1877లో హుగ్లీలో అదే దొర పింఛనుదారుల దగ్గర, రిజిస్ట్రేషన్‌ దస్తావేజుల మీద వేలిముద్రలు తీసుకునే పద్ధతి పెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ఆ ముద్రలను వర్గీకరించే లెక్క కట్టడంలో అజీజుల్‌ హక్‌, హేమచంద్ర బోస్‌ అనే మనవాళ్ల పనితనం వుంది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలకు కులాలనే దొంగలుగా ముద్రవేసి, ఆ ప్రజల వేలిముద్రలు తీయించింది. సర్కారుకు మనమీద నమ్మకం లేక మొదలైన పని ఇది. మనకు భద్రత కల్పించాలని మొదలైంది కాదు.

సాహుకార్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకొని, తరువాత తీరిగ్గా అంకె రాసుకున్న కథలు రాయలసీమలో ఏ అరుగు మీద కూర్చున్నా వినవచ్చు. వంద తీసుకున్నవాడు వెయ్యి బాకీ పడినాడు. భూమి పోయినాక గాని కాగితంలో ఏముందో తెలియలేదు. 1875లో పూనా, అహమ్మద్‌నగర్‌ జిల్లాల రైతులు తిరగబడినప్పుడు చాలాచోట్ల సాహుకార్లను చంపలేదు. వాళ్ల ఇండ్లలోని పత్రాలను గుంజుకొచ్చి తగలబెట్టారు. తమ మెడకు ఉరి ఎక్కడుందో ఆ నిరక్షరాస్యులకు తెలుసు. ఆ అలజడి ఫలితంగా 1879లో వచ్చిన దక్కన్‌ వ్యవసాయదారుల చట్టం, రైతు రాసిచ్చే పత్రం గ్రామ రిజిస్ట్రారు ఎదుట రాయాలని నిర్బంధించింది. అంటే, చదువురాని వాడి ముద్ర చాటుగా తీసుకుంటే చెల్లదు, నలుగురి ఎదుట తీసుకోవాలన్న సూత్రాన్ని నూట నలభై ఏండ్ల కిందటే తెల్ల ప్రభుత్వం చేత ఒప్పించింది రైతు తిరుగుబాటు.

మన దగ్గర 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది. కరణం కలం కింద నలిగిన పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ తరువాత అడంగల్‌ కంప్యూటరులోకి పోయింది, రేషన్‌ యంత్రంలోకి పోయింది, కూలి ఖాతాలోకి పోయింది. యంత్రానికి కులం లేదు, లంచం లేదు అన్నారు. నిజమే, యంత్రానికి లేదు. యంత్రాన్ని చేతబట్టుకున్న వాడికి వున్నాయి. పాత సాహుకారు పత్రాన్ని తగలబెట్టడానికైనా వీలుండేది. యంత్రంలోని ముద్రను ఎవరు తగలబెట్టగలరు? తాళం పోతే తాళం మార్చుకోవచ్చు. వేలు పోతే వేలు మార్చుకోగలమా?

దొంగ ఎట్లా వస్తాడు?

ఆధార్‌ ముడిపెట్టిన బ్యాంకు ఖాతా నుండి డబ్బు తీయడానికి మూడే మూడు కావాలి: ఆధార్‌ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. రహస్య సంఖ్య అక్కరలేదు. ఫోనుకు వచ్చే ఓటీపీ అక్కరలేదు. పల్లెలో చిన్న యంత్రం పట్టుకొని కూర్చున్న బ్యాంకు ప్రతినిధి దగ్గర, ఏ బ్యాంకు ఖాతాదారైనా ఇట్లా డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకు పదిమైళ్ల దూరంలో వున్న పల్లెకు ఇది మేలైన ఏర్పాటే. కాదనడం లేదు. బస్సు చార్జీ, ఒక పూట కూలి మిగులుతాయి. కానీ ఈ సౌకర్యం కావాలా అని మనల్ని ఎవరూ అడగలేదు. ఆధార్‌ ముడిపెట్టిన రోజే తలుపు తెరుచుకున్నది. తెరిచి వున్నదని ఇంటివాడికి చెప్పలేదు గానీ, దొంగకు మాత్రం తెలిసింది.

ఆధార్‌ నంబరు సంపాదించడం ఎంతపని? రేషన్‌ అంగడిలో జిరాక్సు, సిమ్‌ అంగడిలో జిరాక్సు, పురుగుమందుల అంగడిలో జిరాక్సు, గ్రూపు లోనుకు జిరాక్సు. ఊళ్లో మన జిరాక్సు లేని చోటు బొడ్రాయి ఒక్కటే!

ఇక వేలిముద్ర. 2001లో సవరించిన రిజిస్ట్రేషన్‌ చట్టం ప్రకారం దస్తావేజుతో పాటు కక్షిదారుల ఫోటోలు, వేలిముద్రలు జతచేయాలి. ఆ దస్తావేజులను ప్రభుత్వాలు కంప్యూటర్లకెక్కించి, ఎవరైనా దించుకునేటట్లు పెట్టాయి. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడిన ఉదంతం గుర్తుండే వుంటుంది. ఒక సిమ్‌ కార్డుల పంపిణీదారుడు తెలంగాణ రిజిస్ట్రేషన్‌ శాఖ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వాళ్ల పేర్ల మీద వేల సిమ్‌ కార్డులు చాలూ చేశాడు. 2022లో సైబరాబాద్‌ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్‌ రిజిస్ట్రేషన్‌ శాఖ దస్తావేజుల నుండి ఇట్లాగే ముద్రలు ఎత్తి, ఖాతాల్లోని లక్షల రూపాయలు లాగింది. అర ఎకరం కొన్న పాపానికి, తమ్ముడికి పాలు రాసిచ్చిన పాపానికి పేదరైతు వేలు బజారులో పడింది. ఆధార్‌ వివరాలను బహిరంగపరచరాదని 2016 ఆధార్‌ చట్టం 29వ సెక్షన్‌ చెబుతుంది. మరి బహిరంగంగా పెట్టిందెవరు? దొంగను పట్టుకున్నారు, మంచిదే. దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టిన వాడిని ఎవరు పట్టుకుంటారు?

అన్నిసార్లూ రబ్బరు వేలు అవసరం కూడా లేదు. యంత్రం చేతబట్టిన వాడే, “పడలేదు పెద్దమ్మా, మళ్లీ పెట్టు” అంటాడు. మొదటిసారి పడింది. రెండోసారి పడింది అతని జేబులోకి. “సర్వర్‌ లేదు, రేపు రా” అంటాడు. డబ్బు ఈరోజే తీసివుంటుంది. చీటీ ఇవ్వడు, ఇచ్చినా మనం చదవలేం. 2020లో జార్ఖండ్‌లో మైనారిటీ విద్యార్థుల ఉపకార వేతనాలను దళారులు, బ్యాంకు ప్రతినిధులు, కొందరు బడి సిబ్బంది కలిసి కాజేసిన పద్ధతి ఇదే. సౌదీ నుండి వచ్చిన డబ్బు అని కూడా చెప్పి వేలిముద్రలు తీసుకున్నారు.

ఇంకొక దారి వుంది, దీన్ని అర్థం చేసుకోవడం ముఖ్యం. ఆధార్‌ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు, చివరగా ఏ ఖాతాకు ఆధార్‌ ముడిపడిందో ఆ ఖాతాకే పోతుంది. 2017లో ఎయిర్‌టెల్‌ సిమ్‌లకు ఆధార్‌ సరిచూసే పేరుతో, చాలామందికి తెలియకుండానే ఆ కంపెనీ పేమెంట్స్‌ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. వంటగ్యాసు సబ్సిడీ సుమారు 190 కోట్ల రూపాయలు ఆ ఖాతాల్లోకి మళ్లింది. గొడవ జరిగినాక కంపెనీ డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు 5 కోట్ల జరిమానా వేసింది. సిమ్‌ అంగట్లో వేలు పెడితే గ్యాసు డబ్బు దారి తప్పింది! అంత పెద్ద కంపెనీయే ఇట్లా చేస్తే, సందులో గొడుగు వేసుకొని కూర్చున్న సిమ్‌ అమ్మకందారుని మాట ఏం చెప్పాలి? 2024 జనవరి నుండి ఉపాధి కూలి కూడా ఈ ఆధార్‌ దారిలోనే రావాలని నిర్బంధించారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వేరే చట్టం తెచ్చారు. చట్టం పేరు మారినా చెమటోడ్చే మనిషి మారలేదు. తన కూలి ఏ ఖాతాకు పోతున్నదో కూలీకి తెలిసి తీరాలి.

వేలు కోయించుకున్న వాళ్లు

కడప జిల్లా పేరు దేశమంతా మోగిన ఒక ఉదంతం చెప్పక తప్పదు. 2022లో రాచకొండ పోలీసులు నలుగురిని పట్టుకున్నారు. అందులో కడప జిల్లా మనుషులున్నారు, ఆసుపత్రుల్లో పనిచేసే సాంకేతికులున్నారు. కువైట్‌ నుండి వెనక్కి పంపబడిన కూలీలకు వేలికొసల మీద తోలు కోసి, లోపలి కండ కొంత తీసి, మళ్లీ కుట్టేవారు. గాయం మానినాక గీతలు మారతాయి. కొంతకాలం వరకూ యంత్రం పాతమనిషిని గుర్తుపట్టలేదు. ఆ వ్యవధిలో కొత్త ముద్రలతో ఆధార్‌ సవరించుకొని, మళ్లీ వీసా తెచ్చుకొని, మళ్లీ కువైట్‌. మనిషికి 25 వేల రూపాయలు.

ఇది నేరమే. సమర్థించనవసరం లేదు. కానీ పత్రికలు దీన్ని వింతగా రాశాయే తప్ప, పొట్టకూటి కోసం ఒక మనిషి తన వేలికొసలు కోయించుకున్నాడంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి, వీసాకు చేసిన అప్పు ఎంత, వెనక్కి ఎందుకు పంపారు అని అడగలేదు. అక్కడ యజమాని పాస్‌పోర్టు గుంజుకుంటాడు. ఇల్లు విడిచి బయటపడిన పనిమనిషి పారిపోయినట్టు లెక్క. మన 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని సేట్‌ బీరువాలో పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు, పల్లె నుండి పంపిన ఏజెంటుకూ లేదు. పేరు దొంగిలించడమంటే ఇది కూడా. కాగితం గుంజుకుంటే మనిషికి పేరు లేకుండా పోతుంది.

కాబట్టి కువైట్‌ పోయే ప్రతి అక్కా, ప్రతి అన్నా పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు రెండు జతలు తీయించాలి. ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం దగ్గర వుంచాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు వుందో లేదో ఇ-మైగ్రేట్‌లో చూపించుకోవాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు గానీ వేలిముద్రలు గానీ పెట్టవద్దు. ఇంకొకరి పాస్‌పోర్టు మీద పోవడమంటే జైలుకు టికెట్టు కొనుక్కున్నట్టే. అక్కడ చనిపోతే శవం కూడా ఎవరి పేరుతోనో వస్తుంది.

తాళం వేసుకోమంటున్నారు

ఇన్ని మోసాలు జరుగుతుంటే సర్కారు ఏమంటున్నది? “మీ వేలిముద్రలకు తాళం వేసుకోండి” అంటున్నది. నిజమే, ఆధార్‌ సంస్థ అటువంటి వీలు కల్పించింది. సెల్‌ఫోనులోని ఆధార్‌ యాప్‌లో గానీ, ఆధార్‌ కేంద్రంలో గానీ వేలిముద్రలకు తాళం వేయించవచ్చు. తాళం వున్నంతకాలం ఎవరు ఏ యంత్రం మీద ఆ ముద్ర పెట్టినా చెల్లదు. మంచి ఏర్పాటు.

కానీ తాళం వేస్తే రేషన్‌ యంత్రంలో కూడా వేలు చెల్లదు. ఒకటో తేదీ ఇంటికి పింఛను తెచ్చిన సచివాలయ ఉద్యోగి యంత్రంలోనూ చెల్లదు. ప్రతిసారీ ఫోను తీసి, ఓటీపీ చూసి, తాళం తెరవాలి, మళ్లీ వేయాలి. ఉద్యోగస్తుడికి ఇది ఒక నిమిషం పని. బటన్‌ ఫోను కూడా లేని ముసలామెకు? ఆమె ఆధార్‌కు ముడిపెట్టిన ఫోను నంబరు ఎవరిదో ఆమెకే తెలియదు. ఒకప్పుడు మేట్‌ తన నంబరు ఇచ్చివుంటాడు, లేదా జిరాక్సు అంగడి పిల్లవాడు ఇచ్చివుంటాడు. పట్నం మనిషికి రక్షణ అయినది పల్లె మనిషికి ఆకలి కాకూడదు. ఇది మరచి, జాగ్రత్తగా వుండండి అని రేడియోలో చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

2023లో ఆధార్‌ సంస్థ, యంత్రం మీద పెట్టింది జీవమున్న వేలా, కృత్రిమ ముద్రా అని పసిగట్టే పద్ధతి తెచ్చింది. అంటే అంతవరకు రబ్బరు వేలు మనిషి వేలుగా చెల్లుబాటయిందని ఒప్పుకున్నట్టే కదా! 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు, వేలిముద్ర యంత్రాలు పట్టుకునే వాళ్ల పూర్వాపరాలు విచారించాలనీ, మూడు నెలలు పనిచేయని వాడిని మళ్లీ విచారించాకే అనుమతించాలనీ ఉత్తర్వు ఇచ్చింది. అది 2026 జనవరి 1 నుండి అమలు. మంచిదే. ఇంత ఆలస్యంగా అని అడిగే హక్కు డబ్బు పోగొట్టుకున్న వాళ్లకు వుంది.

చట్టం సంగతి కూడా చూడండి. 2016 ఆధార్‌ చట్టం కింద నేరం జరిగితే కోర్టుకు పోయే హక్కు మొదట ఆధార్‌ సంస్థకే వుండేది. ఇల్లు దోచుకుపోతే ఇంటివాడు ఫిర్యాదు చేయకూడదు, తాళం అమ్మిన కంపెనీ చేయాలి అన్నట్టుగా! 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినాక, 2019లో చట్టం సవరించి ఆధార్‌ వున్న మనిషికి కూడా ఆ హక్కు ఇచ్చారు. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్‌ ముడిపెట్టి తీరాలన్న నిర్బంధాన్ని కూడా ఆ తీర్పు కొట్టివేసింది. ఈ మాట సిమ్‌ అంగడివాడికి తెలియదు, తెలిసినా చెప్పడు.

ఇంట్లో చేసుకోగల పనులు

ఇవి పెద్ద చదువు అక్కరలేని పనులు. గుర్తుపెట్టుకోవలసినవి.

ఒకటి. ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ ముడిపడిన ఫోను నంబరు మనది గానీ, మన కడుపున పుట్టినవాళ్లది గానీ అయి వుండాలి. మేట్‌ది కాదు, దళారిది కాదు. ఆధార్‌ కేంద్రంలో మార్పించుకోవచ్చు. అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇదే. డబ్బు పోయిన కబురు ఆ నంబరుకే వస్తుంది.

రెండు. వేలు పెట్టేముందు “ఎంత? ఎందుకు?” అని అడగండి. యంత్రంలో అంకె చూడండి. చదువు రాకపోయినా అంకె గుర్తుపట్టగలరు, లేదా పక్కవాళ్లను చూడమనండి. “పడలేదు” అంటే, పడలేదన్న చీటీ ఇవ్వమనండి. చీటీ ఇవ్వనివాడి దగ్గర రెండోసారి వేలు పెట్టవద్దు. ఉచితంగా కుక్కరు, సర్వే, కొత్త పథకం అని వచ్చినవాడి యంత్రం మీద అసలే వద్దు.

మూడు. జిరాక్సు ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా “ఫలానా పనికి మాత్రమే” అని, తేదీ రాయించండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్‌ ప్రతి కూడా దొరుకుతుంది. గుర్తింపు చూపడానికి అది చాలు.

నాలుగు. మూడు నెలలకొకసారి మూడు విషయాలు చూపించుకోండి. నా ఆధార్‌ ఏ బ్యాంకుకు ముడిపడి వుంది? గడచిన ఆరు నెలల్లో నా ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారు? నా పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయి? మొదటిది బ్యాంకులో తెలుస్తుంది. రెండోది ఆధార్‌ సంస్థ లెక్కల్లో కనిపిస్తుంది. మూడోది సంచార్‌ సాథీలో తెలుస్తుంది. ఈ సిమ్‌ల లెక్క చూపే పని 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల్లోనే ప్రారంభించారు. మీవి కాని సిమ్‌లుంటే అక్కడే రద్దు అడగవచ్చు. ఊళ్లో పదో తరగతి చదివిన పిల్లలు ఎవరైనా ఇది చూసిపెట్టగలరు.

అయిదు. “నీ ఖాతా ఒక నెల వాడుకుంటాం, రెండు వేలు ఇస్తాం” అనే వాడిని ఊళ్లోకి రానివ్వవద్దు. దొంగసొమ్ము మీ ఖాతా మీదుగా నడుస్తుంది. వాడు మాయమవుతాడు, పోలీసులు మీ గడపకు వస్తారు.

ఆరు. డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోను చేయండి. ఆధార్‌ సంగతికి 1947. అదేరోజు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట చెల్లదు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు పెట్టిన పద్ధతి ఇది: బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా బయటివాడి మోసం వల్ల డబ్బు పోయినప్పుడు, కబురు అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మనం ఒక్క పైసా భరించనక్కరలేదు. 4 నుండి 7 రోజుల్లో అయితే, పేదల సాదా పొదుపు ఖాతాకు 5,000 రూపాయలకు మించి నష్టం మన నెత్తిన వేయకూడదు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో జమచేయాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం బ్యాంకుదే. “నీ ఏలే కదా పడింది” అనడం రుజువు కాదు! పోలీసు స్టేషనులో సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్‌ పేరు చెప్పండి. ఇంకొకరి ఆనవాళ్లను దొంగతనంగా వాడినవాడికి మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా అందులో వుంది. మా స్టేషను పరిధి కాదని తిప్పిపంపడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుండి అమలులో వున్న కొత్త నేరవిచారణ చట్టం ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

ఒక్కడి వల్ల అయ్యేది కాదు

ఇవన్నీ రాశాక ఒక అనుమానం మిగులుతుంది. తెల్లవారుజామున సంగటి మూట కట్టుకొని పనికి పోయి, చీకటిపడ్డాక వచ్చే మనిషి ఇవన్నీ ఎప్పుడు చేసుకోవాలి? మూడు పనిదినాల్లో ఫిర్యాదు అంటే మూడు రోజుల కూలి వదులుకోవడం. గుంటూరు మిరప తోటలో గుడారం వేసుకున్న కోసిగి కూలీకి తన బ్యాంకు వందల మైళ్ల దూరం. అందుకే ఇది ఒక్కొక్క మనిషి జాగ్రత్తకు వదలిపెట్టే విషయం కాదు, సంఘం చేపట్టవలసిన విషయం.

నెలకొక సాయంత్రం రచ్చబండ దగ్గర పాస్‌పుస్తకాలు తెప్పించి చదివి వినిపించే పని ప్రతి వ్యవసాయ కార్మిక సంఘం శాఖా పెట్టుకోవచ్చు. ఉపాధి పనుల సామాజిక తనిఖీకి దారిచూపింది మన రాష్ట్రమే. మస్టరులో పేర్లు గ్రామసభలో గట్టిగా చదివినప్పుడే గదా చచ్చినవాళ్లు చెరువు తవ్విన సంగతి, కువైట్‌లో వున్నవాడు ఇక్కడ మట్టి మోసిన సంగతి బయటపడింది! వేలిముద్ర చెల్లింపులకు కూడా అదే మందు. ఒక విషయంలో మాత్రం మెలకువ కావాలి. ఎవరి ఖాతాలో ఎంత వుందో నలుగురిలో చదవకూడదు. ఆ మనిషికే, పక్కకు పిలిచి చెప్పాలి. సంఘం పేరుతో జిరాక్సులు కుప్పపోసి పెట్టుకోవడం కూడా తప్పే. దళారిని తరిమి మనమే దళారులం కారాదు.

పాలకులను అడగవలసినవి కూడా వున్నాయి. వేలిముద్ర మీద డబ్బు తీసే వీలు, ఖాతాదారు కావాలంటేనే తెరవాలి. అడగనివాడికి మూసి వుంచాలి. ప్రతి చెల్లింపుకూ, పడని ముద్రకూ తెలుగులో చీటీ ఇవ్వాలి. యంత్రం అంకెను గట్టిగా పలకాలి. దస్తావేజుల నకళ్లలో వేలిముద్రలు, ఆధార్‌ నంబర్లు బయటివాడికి కనిపించకుండా చేయాలి. ఇప్పటికే బయటపడిన వాళ్లకు ఆ సంగతి తెలియజేయాలి. అరిగిన వేళ్ల వాళ్లకు రేషన్‌, పింఛను ఏ వేలూ అడగకుండా ఇచ్చే పద్ధతి ప్రతి ఊళ్లో వుండాలి. పోయిన డబ్బు ముందు జమచేసి తరువాత విచారణ చేయాలి. వేలు పెట్టమని నిర్బంధించిన వాడిదే ఆ వేలిని కాపాడే బాధ్యత కూడా.

ఆ ముసలామె కథ చెప్పి ముగిస్తాను. సంఘం వాళ్లు నలుగురు ఆమె వెంట పోయారు. అర్జీ రాసి ముద్ర వేయించారు. ఆ మూడు తేదీల్లో రెండు రోజులు ఆమె గనిలో పనిలో వున్నట్టు తోటి కూలీలు రాసిచ్చారు. గుమాస్తాను దాటి మేనేజరు దాకా, మేనేజరును దాటి పై ఆఫీసు దాకా పోయింది కాగితం. పది పనిదినాలన్నది రెండు నెలలు పట్టింది. చివరకు డబ్బు జమ అయింది. ఆమె ఒక్కతే పోయివుంటే మొదటి రోజు మెట్ల దగ్గరే కథ ముగిసేది.

డబ్బు అందినట్టు రాసిన కాగితం ముందుపెట్టి, అదే గుమాస్తా సిరా డబ్బా ముందుకు తోశాడు. ఆమె చేయి చాపలేదు.

“ముందు సదివి సెప్పబ్బీ. నలుగురూ ఇనేటట్టు సదువు. ఆ తర్వాత పెడతా ఏలు.”

గుమాస్తా చదివాడు.